హాఫ్‌బాక్ బ్రతుకుతెరువు: బంతియాట వృత్తియైన చరిత్రము

“బంతి తన్నిన అన్నము పుట్టునా?” అను ప్రశ్న మన యిండ్లలో తరతరములుగా వినబడుచునే యున్నది. బ్రతుకుతెరువు వెదకికొనుచు రాయలసీమనుండియు, తక్కిన తెలుగు మండలములనుండియు వచ్చి, హోసూరు రహదారి ప్రక్కనున్న ఈ బొమ్మనహళ్ళిలో కాపురములు పెట్టినవారికి ఈ ప్రశ్న మరింత దగ్గరిది. ఊరు విడిచి వచ్చినది కూటికొరకు. కావున పిల్లవాడు చదువు మాని మైదానమున పొద్దు పుచ్చినచో తల్లిదండ్రులకు కలవరము కలుగుట సహజము. వారిని తప్పుపట్టుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. ఆ ప్రశ్నకు చరిత్రమందు ఏమి సమాధానము దొరకునో విచారించుటయే ఉద్దేశము.

ఈ విచారణకై ఇద్దరు ఆటగాండ్రను గ్రహించుచున్నాను. ఒకడు అమెరికాలో తొలితరపు వృత్తి ఆటగాడైన జిమ్ థోర్ప్. రెండవవాడు హైదరాబాదు నగర పోలీసు జట్టునందాడిన నూర్ మహమ్మద్. వీరాడిన ఆటలు వేరు, దేశములు వేరు, తరములు వేరు. అయినను ఇరువురును తమ తమ ఆటలలో హాఫ్‌బాకులు. ఆటవలన బ్రతుకవలసిన పేదవాని ముందు లోకము పెట్టిన చిక్కు ఇరువురికిని ఒక్కటే.

1. హాఫ్‌బాక్ అను పేరు

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో బంతియాటకు నియమము లేర్పడినపుడు, ముందు వరుసవారిని ఫార్వర్డులనియు, వెనుక నిలుచువారిని బాకులనియు పిలిచిరి. ఎంత వెనుక నిలిచిన అంత పెద్ద కొలత. పూర్తిగా వెనుకనున్నవాడు ఫుల్‌బాక్, సగము వెనుకనున్నవాడు హాఫ్‌బాక్, పావు వెనుకనున్నవాడు క్వార్టర్‌బాక్. ఈ మాటలు అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికా చేరినపుడు ఆట మారెను గాని పేర్లు నిలిచినవి. అమెరికా ఫుట్‌బాలునందు హాఫ్‌బాక్ బంతిని చేత పట్టుకొని, ఎదుటివారిని తప్పించుకొని పరుగెత్తువాడు. జనుల చూపు అతనిమీదనే యుండును.

మన దేశమునకు వచ్చిన ఫుట్‌బాలునందు అట్లు కాదు. వెనుక ఇద్దరు ఫుల్‌బాకులు, నడుమ ముగ్గురు హాఫ్‌బాకులు, ముందు ఐదుగురు ఫార్వర్డులు అనునది పూర్వపు అమరిక. 1925లో ఆఫ్‌సైడు నియమము సడలిన తరువాత నడిమి హాఫ్‌బాక్ వెనుకకు జరిగి మూడవ బాక్ ఆయెను. ఇక కుడి యెడమల ఇద్దరు హాఫ్‌బాకులు మాత్రమే మిగిలిరి. ఎదుటివాని కాలినుండి బంతిని తీసికొనుట, తీసికొనిన వెంటనే తనవానికి అందించుట వీరి పని. గోలు కొట్టినవాని పేరు మరునాడు పత్రికలో పడును. ఆ బంతిని సమకూర్చినవాని పేరు పడదు. పూరింటికి నిట్టాడు ఎట్టిదో, జట్టునకు హాఫ్‌బాక్ అట్టివాడు. నిట్టాడును చూచి ఇల్లు బాగున్నదని పొగడువారు లేరు, అది కదలినపుడే దాని విలువ తెలియును.

2. జిమ్ థోర్ప్: జీతము నేరమైన కాలము

అమెరికాలో ఆ ఆట మొదట కాలేజి విద్యార్థులది, ధనికుల క్లబ్బులది. డబ్బు పుచ్చుకొని ఆడుట గౌరవహీనమని తలచెడివారు. అయినను గెలుపుమీది ఆశ ఆ మర్యాదను లోలోపల తొలిచివేసెను. 1892 నవంబరు 12న పిట్స్‌బర్గు ప్రాంతపు అలెఘనీ క్లబ్బువారు విలియం హెఫెల్‌ఫింగర్ అనువానికి ఒక్క ఆటకు 500 డాలర్లిచ్చిరి. లెక్కల పుస్తకమునందు వ్రాయబడిన ఆ చెల్లింపే వృత్తి ఫుట్‌బాలునకు మొదటి ఆధారమని నేడు చరిత్రకారు లంగీకరింతురు. ఆ కాలమున మాత్రము అది గుట్టుగానే జరిగెను.

జిమ్ థోర్ప్ 1887లో, నేటి ఓక్లహోమా ప్రాంతమున, సాక్ అండ్ ఫాక్స్ అను ఆదివాసి జాతిలో జన్మించెను. పెన్సిల్వేనియాలోని కార్లైల్ అను ప్రభుత్వపాఠశాల ఆదివాసి బాలురను వారి భాషకును ఆచారములకును దూరము చేయుటకై నెలకొల్పబడినది. అచ్చట చదువుచు అతడు హాఫ్‌బాక్‌గా పేరొందెను. 1911లో కార్లైల్ జట్టు మహాబలవంతమైన హార్వర్డు విశ్వవిద్యాలయమును 18-15 తేడాతో ఓడించినపుడు ఆ విజయమునకు థోర్ప్ ముఖ్యకారకుడు. మరుసటి యేట, 1912లో, స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలందు ఐదంశముల పోటీలోను, పదియంశముల పోటీలోను రెండు స్వర్ణపతకములు గెలిచెను.

కాని 1913లో ఒక సంగతి బయటపడెను. 1909, 1910 సంవత్సరముల వేసవులలో అతడు ఉత్తర కరోలినాలో స్వల్పవేతనమునకు బేస్‌బాల్ ఆడియుండెను. అటుల ఆడిన కాలేజి విద్యార్థులు పెక్కుమంది కలరు. తెలివిగలవారు మారుపేర్లతో ఆడిరి, థోర్ప్ తన పేరుతోనే ఆడెను. ఆట వేరైనను, మొత్తము అల్పమైనను, డబ్బు ముట్టినవాడు ఔత్సాహికుడు కాడని ఒలింపిక్ అధికారులు పతకములను వెనుకకు తీసికొనిరి.

నియమము ఒకటియైనను దాని బరువు అందరిమీద సమానముగా పడలేదు. తండ్రిసొమ్ముతో ఆడువానికి జీతము వలదనుట సులభము. తిండికి సంపాదించుకొనవలసినవానికి ఆ నియమము తలుపు మూసివేయుటతో సమానము.

తలుపు మూతపడిన తరువాత థోర్ప్ బహిరంగముగా వృత్తిలో దిగెను. 1915లో ఒహాయోలోని క్యాంటన్ బుల్‌డాగ్స్ జట్టువారు అతనికి ఆటకు 250 డాలర్లు చొప్పున ఇచ్చిరి. ఇంత జీతము దండుగ యని నవ్వినవారుండిరి గాని, అతని పేరు విని ప్రేక్షకులు వేలకొలదిగా వచ్చిరి. 1920లో క్యాంటన్ నగరమున పలు వృత్తిజట్లు కలిసి సంఘముగా నేర్పడినపుడు అతనినే తొలి యధ్యక్షునిగా నెన్నుకొనిరి. ఆ సంఘమే 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను పేరు దాల్చెను. నేడది ప్రపంచమునందలి సంపన్నమైన క్రీడాసంస్థలలో నొకటి.

ఇంతటి సంస్థకు తొలి యధ్యక్షుడైనవాని కడపటి జీవితము మాత్రము దుఃఖకరము. 1928లో ఆట ముగిసినది. వెంటనే అమెరికాను ఆర్థికమాంద్యము క్రమ్మెను. థోర్ప్ కూలిపనులు చేసెను, చలనచిత్రములలో చిన్నచిన్న వేషములు వేసెను. 1953లో లేమిలోనే మరణించెను. 1982లో ఒలింపిక్ సంఘము అతని విజయములను ఇతరులతో కలిపి గుర్తించెను. అతడొక్కడే విజేతయని ప్రకటించుటకు 2022 వరకు పట్టినది. 109 సంవత్సరములకు దక్కిన న్యాయము అతని ఆకలి తీర్చలేదు.

3. హైదరాబాదు మార్గము: ఉద్యోగియైన ఆటగాడు

ఈ చిక్కునకే హైదరాబాదున వేరొక పరిష్కారము దొరకెను. ఆటగానికి ఆటకని జీతమీయకుండ, ఉద్యోగమిచ్చి ఆడించుట ఆ పరిష్కారము. ఇది మనవారికే ప్రత్యేకము కాదు. 1952లో ఒలింపిక్ ఫుట్‌బాల్ పతకము గెలిచిన హంగేరీ జట్టు నాయకుడు పుష్కాష్ కాగితములమీద సైన్యమునందలి యధికారి. నిజమునకు ఆటయే అతని పని. హైదరాబాదులో సైన్యమునకు బదులు పోలీసు శాఖ యుండెను.

హైదరాబాదు నగర పోలీసు జట్టు దక్షిణదేశమున పేరుపొందినది మన బెంగుళూరులోనే యనుట ఇక్కడి తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయము. 1943లో ఇచ్చట జరిగిన ఆష్ స్వర్ణపాత్ర పోటీ తుదియాటలో వారు బ్రిటిషు వాయుసేన జట్టు నోడించిరి.   

ఆ జట్టును మహాశక్తిగా మలచినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇతడు 1909లో జన్మించెను. వృత్తిచే బడిపంతులు, అందుచేతనే అందరును రహీం సాహెబనుచునే గురువుగా మన్నించిరి. 1950లో పోలీసు జట్టు శిక్షణభారము వహించి 1963లో మరణించువరకు విడువలేదు. ఇతని శిక్షణలో రెండు విధములైన పోటీలు ప్రసిద్ధములు. ఒకటి బంతిని కాలివద్ద త్రిప్పుకొనక వెంటనే అందింపవలసినది. మరొకటి బలహీనమైన కాలితోనే ఆడవలసినది. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెను. బాలురు మొదట విసుగుకొనినను, కొంతకాలమునకు రెండు కాళ్ళును సమానమగును. బంతి తనకొరకు కాదు, ప్రక్కవానికొరకు అను బుద్ధి అలవడును. ఈ రెండు గుణములును హాఫ్‌బాక్‌నకు ప్రాణములు.

ఫలితము శీఘ్రముగానే కనబడెను. స్వాతంత్ర్యానంతరము మొదటిసారి 1950లో జరిగిన డ్యూరండ్ పోటీలో హైదరాబాదు పోలీసువారు కలకత్తా మోహన్ బాగాన్ జట్టును గెలిచిరి. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు గెలిచిరి.

4. నూర్ మహమ్మద్

ఆ విజయపరంపరలో ఎడమవైపు హాఫ్‌బాక్ నూర్ మహమ్మద్. అతడు తెలుగువాడా యని అడుగువా రుండవచ్చును. హైదరాబాదు నగరమున తెలుగు ఉర్దూలు ప్రక్కప్రక్క వాకిళ్ళలో పెరిగినవి. ఆ నగరమును మనదనుకొనినపుడు ఆ నగరపు ఆటగాండ్రును మనవారే కావలెను.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలందు భారతజట్టు ఇరానును 1-0 తేడాతో గెలిచి స్వర్ణపతక మందుకొనెను. శిక్షకుడు రహీం, జట్టులో నూర్ మహమ్మద్ ఒకడు. మరుసటి యేట హెల్సింకీ ఒలింపిక్ క్రీడలకు అతడు వెళ్ళెను. అచ్చటి చలిలో, మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. ముందువరుసవారు బంతి కోల్పోయినపుడెల్ల ఎదుటివారి దాడి మొదట పడునది హాఫ్‌బాకులమీదనే. పది గోళ్ళ బాధ నెరిగినవారిలో వారు మొదటివారు. ఆ పరాజయానంతరమే మన దేశమున బూట్లు తప్పనిసరి యయ్యెను.

అట్టి పరాజయము చూచినవాడు నాలుగేండ్ల తరువాత మరల ఒలింపిక్ రంగమున నిలుచుట సామాన్యము కాదు. 1956లో మెల్బోర్న్‌కు వెళ్ళిన జట్టులో కుడివైపు హాఫ్‌బాక్ మన బెంగుళూరు కెంపయ్య, ఎడమవైపు హాఫ్‌బాక్ హైదరాబాదు నూర్ మహమ్మద్. డిసెంబరు 1న భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలునందు సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీఫైనలులో అదే యుగోస్లావియా ఎదురయ్యెను. నెవిల్ గోలుతో మనవారు మొదట ముందంజ వేసియు తుదకు 4-1 తేడాతో ఓడిరి. మూడవ స్థానమునకు జరిగిన ఆటలో బల్గేరియా 3-0 తేడాతో గెలువగా, మనకు నాలుగవ స్థానము దక్కెను. హెల్సింకీలోని 10-1 మెల్బోర్న్‌లో 4-1 అగుట కేవలము అంకెల మార్పు కాదు. బూట్లు, శిక్షణ, అమరిక, ఓర్పు, వీనిచే మధ్యరంగము గట్టిపడినదనుటకు అది గుర్తు.

డిసౌజా పేరు నేటికిని అందరి నోట వినబడును. కెంపయ్య, నూర్‌ల పేర్లు వెదకిన గాని దొరకవు. హాఫ్‌బాకుల చరిత్ర యిట్టిదే.

5. కలకత్తా పిలుపు

ఉద్యోగమార్గమునకు ఎదురుగా మరియొక మార్గము కలకత్తాలో నుండెను. అచ్చటి పెద్ద క్లబ్బులు పేరునకు ఔత్సాహికములే. అయినను వేతనమను మాట లేకుండ వసతి, ఉద్యోగము, చేతిఖర్చుల రూపమున ఆటగానికి ప్రతిఫలము ముట్టుచుండెడిది. దక్షిణదేశపు ఆటగాండ్రను ఆ క్లబ్బులు ఆదరముతో పిలిచెడివి. ఈస్ట్ బెంగాల్ జట్టున పంచపాండవులని పేరొందిన ఐదుగురు ఫార్వర్డులు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే. వీరిలో ధనరాజ్, అహమ్మద్ ఖాన్ బెంగుళూరువారు. వీరి కాలముననే ఆ క్లబ్బు 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగా ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచెను.

ఆ మార్గమున నడచిన మనవారిలో తులసీదాస్ బలరామ్ ముఖ్యుడు. సికిందరాబాదు సమీపమందలి అమ్ముగూడలో 1936లో ఒక తమిళ కుటుంబమున జన్మించెను. పోలీసులు పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టువానిచే ఆటబూట్లుగా కుట్టించుకొని ఆడెనని అతని బాల్యమునుగూర్చి చెప్పుదురు. రహీం దృష్టిలో బడి హైదరాబాదు జట్టున చేరెను. 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచినది ఆ రోజులలోనే. మెల్బోర్న్ వెళ్ళివచ్చిన తరువాత 1957లో అతడు ఈస్ట్ బెంగాల్ జట్టున చేరెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలందు హంగేరీమీదను, పెరూమీదను గోళ్ళు కొట్టెను. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడయ్యెను, 1962లో అర్జున పురస్కార మందెను. 1963లో, ఇంకను ముప్పదియేండ్లు నిండకుండగనే, ఊపిరితిత్తుల యనారోగ్యముచే ఆట విరమించెను. ఆట ఆగినను రైల్వే ఉద్యోగము నిలిచినది. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించెను.

6. శిఖరమును, దిగుడును

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలందు రహీం తన జట్టును నలుగురు, ఇద్దరు, నలుగురుగా అమర్చెను. అనగా మధ్యరంగపు భారమంతయు ఇద్దరు హాఫ్‌బాకుల మీదనే పెట్టెను. ప్రశాంత సిన్హా, ఫార్చునాటో ఫ్రాంకో ఆ భారము మోసిరి. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1 తేడాతో గెలిచి భారతజట్టు రెండవ స్వర్ణ మందుకొనెను. హైదరాబాదున జన్మించిన పీటర్ థంగరాజు గోలు కాచెను. బలరామ్, యూసుఫ్ ఖాన్ ముందువరుసలో ఆడిరి. కేన్సరుతో బాధపడుచున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూసెను. ఆ తరువాత మన దేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము రాలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాలునందు ఆడు అవకాశమును కలుగలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత నగర పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయ్యెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచెను. అటు పిమ్మట దిగుడు మొదలయ్యెను. గురువు పోయెను. మేటి ఆటగాండ్రు కలకత్తా, బొంబాయిలకు తరలిరి. శాఖలో ఆటగాండ్ర నియామకములు తగ్గినవి. ఉద్యోగమును ఆధారముగా చేసికొని నిలిచిన జట్టునకు ఆ ఉద్యోగములు తగ్గుటయే మూలచ్ఛేద మయ్యెను.

పిదప బహిరంగవృత్తి కాలము వచ్చెను. 1996లో జాతీయ లీగు, 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనవి. బెంగుళూరు క్లబ్బు 2013లో పుట్టి, ఆడిన తొలియేడే ఐ-లీగ్ గెలిచెను. హైదరాబాదు పేరున వెలసిన క్లబ్బు 2022లో సూపర్ లీగు గెలిచియు, ధనసంకటములపాలై, 2025లో ఢిల్లీకి తరలిపోయెను. జీతమిప్పుడు నేరము కాదు, గుట్టు కాదు. కాని జట్టే ఊరు విడిచి పోగలదని తెలిసినది.

7. ప్రశ్నకు సమాధానము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బంతి తన్నిన అన్నము పుట్టునా? పుట్టును. థోర్ప్‌నకు పుట్టినది, హైదరాబాదు పోలీసు ఆటగాండ్రకు పుట్టినది, బలరామ్‌నకు పుట్టినది. కాని వారికి దొరకినది ఒకే విధముగా దొరకలేదు. థోర్ప్‌నకు ఆటనాటి ధనమే కాని, ఆట ముగిసిన మరునాటి యాధారము లేదు. పోలీసు ఆటగానికి ఆటనాడు పెద్ద సొమ్ము లేదు గాని, నెల తిరుగగానే జీతమును, ప్రభుత్వోద్యోగమునకు సహజమైన భద్రతయు నుండెను. కావున తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్న “అన్నము పుట్టునా?” అనునది కాదు. “ముప్పదియేండ్ల తరువాత ఏమి?” అనునది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల సంస్థయందు, చదువు మానిపింపని గురువువద్ద, బిడ్డను ఆడనిచ్చుటలో నష్టము లేదు. రహీం సాహెబు బడిపంతులే యనుట మరువరాదు.

చివర నొక మనవి. బెంగుళూరు మైదానములలో ఆ తరపు ఆటలను కన్నులార చూచిన వృద్ధులు నేటికిని మన నడుమ కొందరుందురు. గోలు కొట్టినవారి కథలు ఎట్లును నిలుచును. బంతి నందించినవారి కథలు చెప్పువారుండిన గాని నిలువవు. మన యిండ్లలోని పెద్దల నడిగి, ఆ హాఫ్‌బాకుల పేర్లను, వారి ఆటతీరును, ఆట విరమించిన తరువాతి వారి జీవితమును వ్రాసియుంచినచో, రాబోవు తరమునకు అది ఉపకరించును. నిట్టాడును తలచుకొనుట ఇంటివారి ధర్మము.